అడుసు కోసం తారు రోడ్డు

మీ ఊరికి తారు రోడ్డు ఉందా? అయ్యో పాపం! నా ప్రగాఢ సానుభూతి అందుకోండి.

గట్టిగా చెబుతున్నాను, కావాలంటే సంతకం కూడా పెడతాను: ఈ దేశంలో మిగిలి ఉన్న అసలైన సంపద బురద ఒక్కటే. బంగారాన్ని దొంగలు పట్టుకుపోతారు. పొలాన్ని దాయాదులు పట్టుకుపోతారు. బురదను ఎవరు పట్టుకుపోగలరు? పోనీ, పట్టుకుపోదామని దిగినవాణ్ని అదే పట్టుకుంటుంది!

నవ్వకండి. నేను కోవిల్‌పట్టిలో, గుమ్మం దిగితే సిమెంటు, సిమెంటు దాటితే తారు ఉన్న వీధిలో కూర్చుని రాస్తున్నాను. కాబట్టి ఈ విషయంలో నాకు స్వార్థం ఏమీ లేదు. అఖిల నల్లరేగడి బురద పరిరక్షణ సంఘానికి అధ్యక్షుణ్ని నేనే. కార్యదర్శి పదవి ప్రస్తుతం ఖాళీగా ఉంది. సభ్యత్వాలు కూడా ఖాళీగానే ఉన్నాయి.

బురద వల్ల లాభాలు ఒకటా రెండా? ఎన్నికలప్పుడు ఓట్లడిగేవాళ్లు మెయిన్ రోడ్డు మీదే మైకు పెట్టి, గాలివాటున నాలుగు మాటలు వదిలి వెళ్లిపోతారు. ఊరు ప్రశాంతంగా ఉంటుంది. ఇన్సూరెన్స్ ఏజెంటు రాడు. ఒక్కో కాలికి రెండేసి కిలోల నల్లమట్టి కట్టుకుని నాలుగు కిలోమీటర్లు నడిచేవాడికి జిమ్ము అక్కర్లేదు. ఎవరు ఎవరింటికి ఎప్పుడు వెళ్లారో మళ్లీ వాన పడేదాకా అడుగుజాడల్లో భద్రంగా ఉంటుంది. సీసీ కెమెరా ఖర్చు మిగిలింది! గుడి దగ్గర చెప్పులు పోతాయన్న బెంగ కూడా లేదు. అవి దారిలోనే ఉండిపోతాయి.

ఇంకా నమ్మకం కుదరలేదా? అయితే బెంగళూరు, చెన్నై వాసులను అడగండి. చిన్న ఇల్లు కట్టుకునేంత డబ్బు పోసి అడ్వెంచర్ బైకులు కొంటున్నారు. కొన్నాక వాటిని నడపడానికి తగిన బురద దొరక్క అల్లాడుతున్నారు. సెలవు పెట్టి, రాత్రంతా ప్రయాణం చేసి, రుసుము కట్టి మరీ వచ్చి మన బురదలో పడుతున్నారు. పడి లేచాక సర్టిఫికెట్ పుచ్చుకుంటున్నారు! మన తాతముత్తాతలు ఊరికే పడ్డారు. ఒక్కరికైనా కాగితం ముక్క దక్కిందా?

ఈ సత్యాన్ని లోకానికి చాటిన ఊరు ఎర్రమనాయక్కన్‌పట్టి. నాగలాపురం పోయే దారిలో మెయిన్ రోడ్డు నుంచి లోపలికి నాలుగు కిలోమీటర్లు. ఊరి పేరు బోర్డులో పట్టదు, ఊరి రోడ్డు మ్యాపులో కనపడదు. నలభై గడపలు, అన్నీ తెలుగిళ్లే. మినుము, పత్తి, జొన్న, మిరప వేసుకుని బతికే మెట్ట సేద్యగాళ్లు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం.

ఆ ఊళ్లో పట్టమ్మాళ్ ఉంది. నలభై ఆరేళ్లు. మొగుడు తాయిల్‌పట్టిలో టపాకాయల పనికి పోయి వారానికొకసారి ఇంటికి వస్తాడు. మూడెకరాల మినుము ఆమే చూసుకుంటుంది. కానీ ఆమె ప్రాణమంతా మెయిన్ రోడ్డు మీదున్న ప్రైమరీ బడిలో ఉంది. అక్కడ పిల్లలకు పొద్దుటి టిఫిన్ వండేది ఆమే. నలభై ముగ్గురు పిల్లలు, ఎనిమిది కొట్టేసరికి పళ్లేలు పట్టుకుని వరసగా కూర్చుంటారు. సగంమందికి ఇంట్లో పొద్దున పొయ్యి వెలగదు. అమ్మానాన్నలు ఆరింటికే అగ్గిపెట్టెల కంపెనీ వ్యాను ఎక్కి పోయి ఉంటారు. కాబట్టి ఆరున్నరకల్లా పట్టమ్మాళ్ బాణలి పొయ్యి మీద ఉండి తీరాలి.

ఆమె వాహనం ఒక పాత టీవీఎస్ యాభై. దానికి ముందు మడ్‌గార్డ్ ఉండదు, ఆమే పీకేసింది. తడిసిన నల్లరేగడి చక్రానికీ మడ్‌గార్డ్‌కీ నడుమ దూరి, బిగుసుకుని, బండిని కదలనివ్వదు మరి. వెనక చక్రానికి జారకుండా ఊచల సందుల్లోంచి కొబ్బరి తాడు చుట్టి ఉంటుంది. కాళ్ల దగ్గర మట్టి గీకడానికి మూరెడు వేపకట్టె. టైర్లో గాలి ఎంత తగ్గించాలో బొటనవేలితో నొక్కి చూసుకుంటుంది. ఈ విద్య ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఐప్పసి నుంచి మార్గళి దాకా మూడు నెలలు కురిసే వానే నేర్పింది. ఆ మూడు నెలలూ మినీ బస్సు ఊళ్లోకి రాదు.

రోడ్డు వేయమని ఊరు అడగలేదా అంటారేమో. పంతొమ్మిదేళ్లుగా అడుగుతోంది! "పిల్లలు బడికి పోవాలి, ముసలివాళ్లు ఆసుపత్రికి పోవాలి" అని ఏటా ఒక అర్జీ. ఆఫీసర్లు కదల్లేదనుకుంటే పొరపాటు. మూడు తడవలు వచ్చి చూసి వెళ్లారు. తప్పు వాళ్లది కాదు. తప్పంతా మర్యాదది.

పట్టమ్మాళ్ మొగుడి అన్న గోపాలకృష్ణన్ ఆ ఊరికి పెద్దమనిషి. ఆయన గడపకు శత్రువు వచ్చినా ముందు మజ్జిగ, తర్వాత భోజనం, ఆ తర్వాతే తగువు. ఆఫీసరు వస్తున్నాడని కబురు రాగానే ఆయన తలపాగా చుట్టేవాడు. ఊరు ఊరంతా కదిలేది. పోయినేటి పత్తికట్టెను మోపులు మోపులుగా తెచ్చి బురద మీద పరిచేవాళ్లు. దాని మీద ట్రాక్టర్లతో ఎర్రగరుసు పోసేవాళ్లు. ఊరి మొగదల ఆడవాళ్లు ఇంత ముగ్గు పెట్టేవాళ్లు. జీపు పెళ్లికొడుకు కారులా సాఫీగా వచ్చేది. ఆఫీసరు పెసర వడలు తిని, మజ్జిగ తాగి, "దారి బాగానే ఉన్నది, కొత్త రోడ్డు అవసరం లేదు" అని రాసుకుని పోయేవాడు. మర్నాటి వానకు గరుసు కిందికి, బురద పైకి!

మూడో తడవ పట్టమ్మాళ్ ఉండబట్టలేకపోయింది.

"ఏమి బావా ఇది? మాకు దారి లేదు అని చూపించేదానికి దా ఆయన్ని పిలిచినాము. మీరు దారి ఏసి చూపించినారు!"

"మరి ఏమి చేయమంటావమ్మా? మనూరికి వచ్చే విరుందాళి కాలికి అడుసు తగలొచ్చునా? మరియాద అని ఒకటి లేదా?" అన్నాడు గోపాలకృష్ణన్.

ఆ ఇళ్లలో విరుందాళి అంటే అతిథి, మాట నడుమ వచ్చే 'దా' అంటే 'చూపించేదానికే' అనేటప్పటి మన 'ఏ'. అతిథి కాలికి బురద అంటితే ఆ కుటుంబం నాలుగు తరాలు తలెత్తుకోలేదు. ఇక రోడ్డు ఎట్లా వస్తుంది, చెప్పండి?

ఇట్లా ఉండగా గోపాలకృష్ణన్ కొడుకు ఉదయకుమార్‌కు జ్ఞానోదయం అయింది. విరుదునగర్‌లో ఒక బైకుల షోరూములో పనిచేసే కుర్రాడు. ముప్పై దాటుతున్నాయి. అక్కడికి వచ్చేవాళ్లంతా "ఈ బండికి తగిన బురద ఎక్కడుంది తమ్ముడూ?" అని అడుగుతుంటే వాడికి ఒకనాడు గుండె ఆగినంత పనైంది. ఇంటి ముందు నాలుగు కిలోమీటర్ల నిధి పెట్టుకుని తను ఊరికాని ఊళ్లో జీతానికి ఉండటమా! వెంటనే కోయంబత్తూరు నుంచి తంగరాజ్ అనే కోచ్‌ను వెంటబెట్టుకొచ్చాడు. మెయిన్ రోడ్డు మీద పెద్ద బోర్డు లేచింది: "బ్లాక్ సాయిల్ అడ్వెంచర్ అకాడమీ. దక్షిణాదిలోకెల్లా అతి కష్టమైన మడ్ ట్రాక్. పడండి, లేవండి, గెలవండి!"

గమనించారా? ఫైల్లో "బాగానే ఉన్నది" అని రాసి ఉన్న నాలుగు కిలోమీటర్లూ ఇవే!

కార్తిగై మొదటి వారంలో తొలి బ్యాచ్ దిగింది. పన్నెండు మంది. మోకాళ్లకు కవచం, మోచేతులకు కవచం, వీపుకు కవచం, నీళ్లు తాగడానికి భుజం మీంచి నోటికి ఒక గొట్టం. తంగరాజ్ పాఠం చెప్పాడు. "ఫుట్‌రెస్టుల మీద నిలబడండి. మోకాళ్లతో ట్యాంకు పట్టుకోండి. చూపు దూరంగా పెట్టండి, చక్రం వైపు చూడొద్దు. ట్రాక్షన్ కంట్రోల్ ఆఫ్ చేయండి. భయపడొద్దు. బురద మీ మిత్రుడు!"

మిత్రుడు మొదటి మలుపులోనే అందర్నీ కౌగిలించుకున్నాడు. రెండు వందల ఇరవై కిలోల బైకులు పన్నెండూ నేల మీద పడుకున్నాయి. కొందరు ఎటు వైపు పడ్డారో వాళ్లకే తెలియలేదు.

సరిగ్గా అప్పుడే, తెల్లవారుజామున అయిదున్నరకు, పట్టమ్మాళ్ తన మోపెడ్ మీద వచ్చింది. ముందు రవ్వ సంచి, వెనక కూరగాయల బుట్ట, కాళ్లు రెండు వైపులా నేలను తాకీ తాకనట్టు వేలాడేసుకుని, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని. పడిన బైకుల సందుల్లోంచి పాములా మెలికలు తిరుగుతూ దాటేసింది. పన్నెండు హెల్మెట్లూ ఆమె వైపే తిరిగాయి.

దాటేసింది గానీ ముందుకు పోలేకపోయింది. బండి ఆపి వెనక్కి చూసింది. అక్కడ మెలిక ఉంది చూశారూ, అది ఆ ఊరి రక్తంలో ఉన్న జబ్బు. బురదలో పడ్డ మనిషిని దాటుకుని పోవడమా? అందులోనూ ఊరికి వచ్చిన విరుందాళ్లు! పట్టమ్మాళ్ దిగి, ఒక్కొక్కరినీ లేపి, వేపకట్టెతో ఒక్కొక్క చక్రమూ గీకింది.

"టయరు తిరగకపోతే గ్యాసు పిడి తిప్పొద్దబ్బా! తిప్పే కొద్దీ అది లోపలికి దా పోతాది. ముందర ఆ మడ్‌గార్డు రెక్క పీకెయ్. గాలి కొంచెం విడువు. కాలు కిందికి పెట్టుకో, నిలబడేదేమిటికి, జెండా ఎగరేసేదానికా?" అని తెలుగులో మొదలుపెట్టి, వాళ్లకు అర్థం కాలేదని చూసి, మళ్లీ అంతా తమిళంలో చెప్పింది.

చెన్నై నుంచి వచ్చిన శివరంజని అనే కంపెనీ అమ్మాయి ఆ మాటలన్నీ ఫోన్లో రికార్డు చేసుకుంది. తంగరాజ్ సాయంత్రానికల్లా పన్నెండు బైకులకూ కొబ్బరి తాళ్లు చుట్టించి, దానికి "ఆర్గానిక్ ట్రాక్షన్ సిస్టమ్" అని పేరు పెట్టాడు. మర్నాటి పాఠంలో అది రెండో యూనిట్!

ఆ పొద్దు పట్టమ్మాళ్ బడి చేరేసరికి ఏడుంబావు. పిల్లలు ఎనిమిదిన్నరకు తిన్నారు. హెడ్మిస్ట్రెస్ సుధాలక్ష్మి టీచరు మంచి మనిషి, వాళ్లదీ సాత్తూరు పక్క తెలుగిల్లే. అయినా రిజిస్టరులో రాయక తప్పలేదు. వారం తిరక్కుండా రెండోసారి ఆలస్యమైంది. ఈసారి దారికి అడ్డంగా నాలుగు బైకులు, వాటి కింద ముగ్గురు మనుషులు.

"పట్టమ్మా, రెండు తూర్లు అయిపోయె," అంది సుధాలక్ష్మి తలవంచుకుని. "మూడో తూరి అయితే పైన ఉండేవాళ్లు వేరే మనిషిని పెట్టమంటారు. మెయిన్ రోడ్డులో ఉండేవాళ్లని. నా చేతిలో ఏమీ లేదు."

జీతం సంగతి అటుంచండి. రెండో క్లాసులో ఒక పిల్ల ఉంది, రోజూ ఉప్మాలో జీడిపప్పు వెతుక్కుంటుంది. ఎప్పుడూ దొరకదు. అయినా వెతుకుతుంది. దీపావళికి పట్టమ్మాళ్ సొంతంగా పది పప్పులు కొనుక్కొచ్చి ఆ పిల్ల పళ్లెంలోనే వేసింది. ఇంకెవరో వచ్చి వండితే ఆ పిల్ల వెతుకులాట ఎవరికి తెలుస్తుంది?

అదే వారం ఆమె బస్సెక్కి పోయి, సోమవారం అర్జీలు తీసుకునే చోట వరసలో నిలబడి, ఇరవయ్యో అర్జీ ఇచ్చింది. ఆఫీసరు వచ్చే బుధవారం స్వయంగా వస్తానన్నాడు. పట్టమ్మాళ్ ఇంటికి వచ్చీ రాగానే బావ ఎదుట నిలబడింది.

"బావా, మీకు దండం పెడతాను. ఈ తూరి ఒక పుల్ల కూడా వెయ్యొద్దు. ఆయన కాలు అడుసులో పడనీ. నా పని పోయేట్టు ఉండాది."

గోపాలకృష్ణన్ సరేనన్నాడు. నిజంగానే అన్నాడు. మంగళవారం మధ్యాహ్నం దాకా నిగ్రహించుకున్నాడు కూడా. ఆ తర్వాత ఆయన చేతులు ఆగలేదు. గరుసు దొరకలేదు గానీ, పొద్దు గూకేలోపు పత్తికట్టె నాలుగు కిలోమీటర్లూ పరిపించేశాడు. పట్టమ్మాళ్ చూసింది. ఇంట్లోకి పోయి తలుపేసుకుని ఏడ్చింది.

ఇక్కడే బురద తన మహిమ చూపించింది, చిత్తగించండి! బుధవారం పొద్దున ట్రాక్ మీదికి వచ్చిన శిష్యబృందం పత్తికట్టె చూసి భగ్గుమంది. "మేము ఫీజు కట్టింది దీనికా? మా బురద ఏది?" అని గొడవ. తంగరాజ్ బతిమాలాడు, ఉదయకుమార్ బతిమాలాడు. వినలేదు. పన్నెండు మందీ వంగి, కట్టె మొత్తం లాగి పొలాల్లోకి విసిరేశారు. అటుగా వచ్చిన పట్టమ్మాళ్ బండి ఆపింది. అటూ ఇటూ చూసింది. ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, తానూ ఒక మోపు లాగి పక్కన పడేసింది. ఆనాడు ఆమె బడికి సరైన వేళకు చేరింది. మళ్లీ పదింటికల్లా వేడుక చూడటానికి వెనక్కి వచ్చేసింది.

జీపు రెండో మలుపులో ఇరుసు దాకా దిగిపోయింది. ఆఫీసరు నడిచాడు. ఎడమ కాలి బూటు బురద తీసుకుంది. గోపాలకృష్ణన్ తువ్వాలు మొహాన కప్పుకుని ఎవరి వైపూ చూడలేక నిలబడ్డాడు. పట్టమ్మాళ్ ఆనందం పట్టలేకపోయింది. బతికినాము అనుకుంది. పంతొమ్మిదేళ్ల తర్వాత ఒక ఆఫీసరు కాలికి ఊరి నిజం అంటింది!

ఆయన ఒంటి బూటుతో నిలబడి చుట్టూ చూశాడు. ఒకడు పడుతున్నాడు. మిగతా పదకొండు మంది చప్పట్లు కొడుతున్నారు.

"ఎందుకు పడుతున్నారు వీళ్లు?" అని తంగరాజ్‌ను అడిగాడు.

"నేర్చుకుంటున్నారు సార్."

"డబ్బు కట్టి?"

"వచ్చే నెల బ్యాచ్ కూడా నిండిపోయింది సార్."

ఆఫీసరు ఒక హెల్మెట్ అడిగి తీసుకుని, తంగరాజ్ వెనక కూర్చున్నాడు. ఇరవై గజాలు పోయి ఇద్దరూ పడ్డారు. ఆఫీసరు లేచి నవ్వాడు. ఎన్నాళ్ల నవ్వు దాచుకున్నాడో గానీ, మీసాల్లోంచి బురద కారుతుంటే కడుపు పట్టుకుని నవ్వాడు. ఒక సెల్ఫీ. పోయేముందు పట్టమ్మాళ్ చేతులు పట్టుకుని, "మీ ఊళ్లో ఏముందో మీకు తెలియదమ్మా!" అన్నాడు.

తై నెలలో ఉత్తర్వు వచ్చింది. దాని సారాంశం ఇది: ఈ ఊరి బురద అరుదైన పర్యాటక వనరు. దాన్ని పాడుచేయరాదు. రోడ్డు వేసే ఆలోచన ఇంతటితో విరమించడమైనది. వేసవిలో ఎండిపోకుండా వారానికి రెండు లారీల నీళ్లతో తడిపి నిర్వహించవలెను.

ఊరి కుళాయిలో మంచినీళ్లు వచ్చేది ఎనిమిది రోజులకొకసారి. దాన్ని బట్టి ఆ ఊళ్లో ఎవరికెంత విలువో మీరే లెక్క వేసుకోండి. మా సంఘం తరఫున నేను మాత్రం హర్షం వ్యక్తం చేస్తూ ఒక తీర్మానం చేశాను, ఏకగ్రీవంగా.

పంగుని నెల వచ్చింది. మామూలుగా అయితే ఆ ఊరికి అది పండగ నెల. నేల నెర్రెలు విచ్చి గట్టిపడుతుంది. పట్టమ్మాళ్ అయిదున్నరకు లేచినా అరగంటలో బడిలో ఉంటుంది. అట్లాంటి నెలలో మొదటి నీళ్ల లారీ వచ్చింది. మెయిన్ రోడ్డు నుంచి మొదలుపెట్టి, వెనక గొట్టంలోంచి నీళ్లు చిమ్ముకుంటూ, శ్రద్ధగా ఊళ్లోకి నడిచింది. ఒక్క అడుగు కూడా పొడిగా వదల్లేదు. ఊరు చేరి ట్యాంకు ఖాళీ అయ్యాక డ్రైవరు వెనక్కి తిప్పి చూశాడు. ఎదురుగా తాను చేసిన నాలుగు కిలోమీటర్ల బురద!

లారీ మొదటి మలుపులోనే అడ్డంగా కూరుకుపోయింది. డ్రైవరు తొమ్మిది రోజులు గోపాలకృష్ణన్ ఇంట్లో ఉన్నాడు. విరుందాళి కదా! పెసర వడలు, జొన్న సంగటి, మధ్యాహ్నం కునుకు. ఇంటికి ఫోన్ చేసి, పని ఒత్తిడి ఎక్కువగా ఉందని చెప్పాడు.

లారీ దారికి అడ్డంగా కూరుకున్న మర్నాడు పట్టమ్మాళ్ బండి పోనివ్వడానికి చోటు లేదు. రవ్వ సంచి నెత్తిన పెట్టుకుని పొలాలకు అడ్డంపడి నడిచింది. బడి చేరేసరికి ఎనిమిదీ పది. నలభై ముగ్గురూ ఖాళీ పళ్లేలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఎవరూ గొడవ చేయడం లేదు. అదే ఆమెకు మరీ కష్టమనిపించింది. లోపల సుధాలక్ష్మి టీచరు ఉప్మా మాడబెట్టి, కళ్లు తుడుచుకుంటూ గరిటె తిప్పుతోంది. టేబుల్ మీద రిజిస్టరు తెరిచి ఉంది.

పట్టమ్మాళ్ గరిటె అందుకుని కొత్తగా వండింది. అందరికీ వడ్డించి, చేతులు కడుక్కుని, టీచరు ఎదురుగా వచ్చి కూర్చుంది.

"రాసేయండి టీచరమ్మా, మూడో తూరి అయిపోయె."

సుధాలక్ష్మి కలం తీసింది గానీ రాయలేకపోయింది.

"అయితే దాన్ని మూసేసి ఒక తెల్ల కాగితం తీయండి. ఒక అర్జీ రాసిపెట్టండి."

"ఇరవై అర్జీలు ఇచ్చినారు పట్టమ్మా. ఇంకా ఏమి రాసేది?"

"ఈ తూరి పిల్లకాయల పేరు రాయొద్దు. నా పేరూ వొద్దు. అడుసు పేరు రాయండి."

ఇద్దరూ కలిసి రాశారు. ఆ అర్జీ నకలు నా దగ్గర ఉంది. పిల్లలు, బడి, రోగి, ముసలి, ఆకలి అనే మాటలు అందులో మచ్చుకైనా లేవు. ఉన్నదల్లా ఇంతే: "మా ఊరి బురదకు నీళ్లు తెచ్చే లారీ బురదలో చిక్కుకున్నది. అందువలన బురద ఇకపై తడి లేక ఎండిపోవును. బెంగళూరు బ్యాచ్ రానున్నది. బురదను కాపాడుటకు నీళ్ల లారీ సులువుగా వచ్చి పోవుటకు, బురద పక్కనే, బురద తగలకుండా, నాలుగు కిలోమీటర్ల తారు రోడ్డు వెంటనే కావలెను."

పంతొమ్మిదేళ్లు పట్టలేదు. పంతొమ్మిది రోజులు పట్టింది!

ఒకటి రెండు కాదు, ఆరు జీపులు వచ్చాయి. కొలిచారు. గోపాలకృష్ణన్‌కు మజ్జిగ పోయడానికి చేతులు చాలలేదు. సిత్తిరై నెల ఎండలో రోలరు దొర్లింది. నల్లరేగడికి తారు నిలవదని ఒక ఇంజినీరు అంటే, ఇంకో ఇంజినీరు "బురద కోసం కదా, బలంగా వేద్దాం" అని కింద రెండడుగుల గరుసు ఎక్కువ పోయించాడు. ఇంత మంచి రోడ్డు కోవిల్‌పట్టిలో మా వీధికి కూడా లేదు. మూడోసారి ఆలస్యం సంగతి సుధాలక్ష్మి రిజిస్టరులో ఈనాటికీ ఎక్కలేదు. ఆ రోజు పేజీ మీద ఉప్మా పడిందట.

రోడ్డు మొదట్లో ఒక బోర్డు పాతారు: "ఇది బురద నిర్వహణ వాహనములకు మాత్రమే. ఇతరులు వాడరాదు."

ఊరు చదివింది. చట్టాన్ని గౌరవించే ఊరు. మర్నాడే పట్టమ్మాళ్ తన మోపెడ్‌కు అయిదు లీటర్ల నీళ్ల క్యాను ఒకటి కట్టింది. ఇప్పుడది బురద నిర్వహణ వాహనం. మినీ బస్సు పైన ఒక డ్రమ్ము ఎక్కింది. అది కూడా బురద నిర్వహణ వాహనమే, వాన వచ్చినా ఆగకుండా ఏడాదంతా నడుస్తోంది. పొరుగూళ్ల వాళ్లు ఇప్పుడు పట్టమ్మాళ్ దగ్గరికి సలహాకు వస్తున్నారు. కళుగుమలై పక్క నుంచి ఒకాయన వచ్చి మా ఊళ్లో డాక్టరు లేడమ్మా అంటే, "మీ ఊర్లో బైకోళ్లు ఎవురన్నా పడతారా? పడేట్టు చూసుకో ముందు" అని చెప్పి పంపించింది.

వైగాసి నెలలో బడి తెరిచిన రోజు సుధాలక్ష్మి టీచరు కొత్త రోడ్డు చూడాలని పొద్దున్నే ఊళ్లోకి వచ్చి, పట్టమ్మాళ్ బండి వెనక కూర్చుని తిరిగి బయల్దేరింది. కుదుపు లేదు, జారుడు లేదు. ఆరు కూడా కాలేదు. సగం దారిలో పట్టమ్మాళ్ బండి ఆపి, దిగి, క్యాను మూత తీసి, పక్కనున్న పాత దారిలో ఒక చెంబెడు నీళ్లు పోసింది.

"ఇక్కడ ఎవరు చూస్తారు పట్టమ్మా? రోడ్డే వచ్చేసె కదా. ఇంకా ఏమిటికి దినమూ పోసేది?" అంది టీచరు.

పట్టమ్మాళ్ మూత బిగించి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, బండి ఎక్కింది.

"ముందు అది తాగల్ల టీచరమ్మా. అప్పుడు దా పిల్లకాయలు తినేది."